15 వేల బడ్జెట్‌లో రైడింగ్ గేర్: దెబ్బలు ఆపాలి, రాత్రి హైవే మీద కనిపించాలి, మే నెల ఎండకు ఓర్చుకోవాలి

ఉప్పల్_టు_గచ్చిబౌలి:

అందరికీ నమస్తే. 150 సీసీ బండి. రోజూ ఉప్పల్ నుంచి గచ్చిబౌలి, రానూపోనూ 60 కిలోమీటర్ల దాకా. నెలకు రెండుసార్లు ఆఫీసు అయ్యాక రాత్రిపూట ఎన్‌హెచ్ 65 మీద సూర్యాపేట. అప్పుడప్పుడు వెనక మా ఆవిడ కూడా ఉంటుంది. ప్రస్తుతం నా దగ్గర ఉన్నవి ఓపెన్ ఫేస్ హెల్మెట్, మామూలు జీన్స్, రన్నింగ్ షూస్, నల్ల లాప్‌టాప్ బ్యాగు.

15 వేల లోపు మొత్తం మార్చాలనుకుంటున్నా. ఏది ముందు, ఏది తర్వాత? రోడ్డు పనివాళ్లు వేసుకునే వంద రూపాయల వెస్టు పైన తగిలించుకుంటే సరిపోతుందా, లేక రిఫ్లెక్టివ్ పట్టీలున్న జాకెట్టే కొనాలా? జాకెట్ల మీద ‘సీఈ’, ‘లెవెల్ 2’, ‘ఏఏ’ అని రాస్తున్నారు, వీటిలో దేన్ని పట్టించుకోవాలి? ఏప్రిల్, మే నెలల్లో ఇవన్నీ వేసుకుని సిగ్నళ్ల దగ్గర నిలబడగలమా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గేర్_మేస్త్రి:

15 వేలలో పని అవుతుంది, కాకపోతే రెండు విడతలుగా కొనండి. మొదటి విడతలో ఫుల్ ఫేస్ హెల్మెట్‌కి 4,500 దాకా, మెష్ జాకెట్‌కి (గాలి ఆడే వలలాంటి గుడ్డది) 6,000 దాకా, గ్లవ్స్‌కి 1,500 నుంచి 2,000, మోకాలి గార్డులకి ఒక 1,500. మిగిలింది వెస్టుకి, టేపుకి. బూట్లు వచ్చే జీతంలో. పదివేల జాకెట్ వేసుకుని పాత ఓపెన్ ఫేస్‌తో తిరగడం మాత్రం వద్దు.

హెల్మెట్ సంగతి. పడినప్పుడు గడ్డం, దవడ నేలకు తగలడం చాలా మామూలు. ఓపెన్ ఫేస్‌లో సరిగ్గా అక్కడే ఏమీ ఉండదు. మన దేశంలో అమ్మే టూవీలర్ హెల్మెట్‌కి ఐఎస్ 4151 ప్రకారం ఐఎస్ఐ ముద్ర 2021 జూన్ 1 నుంచి తప్పనిసరి. ముద్ర ఉంటే చాలదు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూడండి, కంపెనీ పేరు, లైసెన్సు నడుస్తోందా లేదా వచ్చేస్తాయి. ఫుట్‌పాత్ మీద అమ్మేవాటిలో ముద్ర ఉంటుంది, నంబరు ఉండదు, లేదంటే ఇంకొకరి నంబరు ఉంటుంది. ఐఎస్ఐతో పాటు ఈసీఈ 22.06 (యూరప్‌లో వాడే హెల్మెట్ ప్రమాణం) కూడా ఉంటే ఇంకా మంచిది. అందులో తల ఏటవాలుగా తగిలి గిర్రున తిరిగే దెబ్బను కూడా పరీక్షిస్తారు.

సైజు: కనుబొమలకు రెండు వేళ్ల పైన, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉండేచోట నుంచి టేపు చుట్టి సెంటీమీటర్లలో కొలవండి. ఆ కొలతతో షాపుకి వెళ్లి, తలకు పెట్టుకుని కనీసం పావుగంట అలాగే ఉండండి. బుగ్గలు కాస్త నొక్కుకుపోవాలి. నుదుటి మీద ఒక్క చోటే నొప్పి మొదలైతే ఆ మోడల్ మీ తల ఆకారానికి కాదు, సైజు పెంచినా బాగుపడదు, మోడల్ మార్చండి. స్ట్రాప్ బిగించాక వెనక అంచు పట్టుకుని ముందుకి ఎత్తి లాగండి. తల మీద నుంచి దొర్లి వచ్చేస్తే అది పడినప్పుడూ వచ్చేస్తుంది. ఈ ఒక్క పరీక్షలో చాలా హెల్మెట్లు పోతాయి. ఎక్కువమంది ఒక సైజు పెద్దది కొంటారు, షాపులో హాయిగా ఉంటుంది కాబట్టి. ఆర్నెల్లకు లోపలి స్పాంజి అణిగిపోయి తలలో గిలకలా తిరుగుతుంది.

వైజర్ తెల్లదే తీసుకోండి. నల్ల వైజర్‌తో రాత్రి సూర్యాపేట రోడ్డు ఎక్కడం అంటే కళ్లు సగం మూసుకుని నడపడమే. ఎండకు లోపలి సన్ వైజర్ ఉన్న మోడల్ దొరికితే సరే. గీతలు పడిన తెల్ల వైజర్ కూడా రాత్రి పనికిరాదు, ఎదుటి లైటు ఒక్కో గీత మీద చీలిపోతుంది. వైజర్ ఒక్కటీ మార్చుకోవచ్చు, తక్కువలోనే వస్తుంది.

గ్లవ్స్‌లో పిడికిలి మీద ఉన్న గట్టి ముక్క చూసి మోసపోవద్దు. పడేటప్పుడు మనిషి ముందుగా నేలకు ఆనించేది అరచేయి. మణికట్టుకి దగ్గరగా అరచేతి కింద ఉబ్బు మీద గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉందా చూడండి. అది ఉంటే చెయ్యి రోడ్డు మీద జారుతుంది. లేకపోతే తోలు రోడ్డుని పట్టేసి, వెనకనుంచి వచ్చే ఒళ్లు బరువంతా మణికట్టు ఎముక మీద పడుతుంది, బొటనవేలి వైపు చిన్న ఎముక విరుగుతుంది, అది అతకడానికి నెలలు పడుతుంది. మణికట్టు పట్టీ బిగించి, ఇంకొకరిని వేళ్లు పట్టుకుని లాగమనండి. ఊడితే వద్దు. లేబుల్ మీద ఈఎన్ 13594 (ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం, ఇది రైడింగ్ గ్లవ్స్‌ది) అని ఉంటే నమ్మవచ్చు.

రాత్రి_దారి:

వెస్టు ప్రశ్నకి నేను చెబుతా. ఇక్కడ అందరూ కలిపేసే రెండు వస్తువులు ఉన్నాయి, వాటిని విడదీస్తే సగం అర్థమైపోతుంది.

ఆ మెరిసే పసుపుపచ్చ గుడ్డ ఫ్లోరోసెంట్. అది ఎండలోని కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని తీసుకుని కనిపించే వెలుగుగా బయటకు పంపుతుంది. అందుకే పొద్దున, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు భగ్గున కనిపిస్తుంది. చీకటి పడ్డాక హెడ్‌లైట్ల వెలుగులో అది మామూలు లేత పసుపు గుడ్డే. దానిమీద ఉన్న బూడిద రంగు పట్టీ రెట్రోరిఫ్లెక్టివ్. అది పగలు ఎందుకూ పనికిరాదు. రాత్రి హెడ్‌లైటు పడితే మాత్రం ఆ వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. మీకు ఉదయం ఆఫీసుకి గుడ్డ కావాలి, రాత్రి హైవేకి పట్టీ కావాలి. రెండూ ఉండాల్సిందే.

వంద రూపాయల వెస్టులో గుడ్డ ఫరవాలేదు, పట్టీ దగ్గరే తేడా. కొన్నింటి మీద ఉండేది వెండి రంగు ప్లాస్టిక్ మాత్రమే. పరీక్ష చాలా సులువు. గదిలో లైటు ఆర్పి, వెస్టుని గోడకి తగిలించి, పది అడుగులు వెనక్కి రండి. ఫోన్ టార్చిని చెయ్యి చాచి పట్టుకోవద్దు, కణతకు ఆనించి, కంటి పక్కనే ఉంచి వెయ్యండి. మంచి పట్టీ అయితే ట్యూబ్‌లైటు వెలిగినట్టు తెల్లగా మండుతుంది. ఇప్పుడు టార్చిని కంటినుంచి రెండు అడుగులు పక్కకి జరపండి. పట్టీ చటుక్కున ఆరిపోవాలి. రెండు చోట్లా ఒకేలా మసగ్గా ఉంటే అది రిఫ్లెక్టివ్ కాదు, ఉత్త వెండి రంగు. షాపులో చీకటి దొరక్కపోతే ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీయండి, ఫొటోలోనే తెలిసిపోతుంది.

లేబుల్ ఉన్న వెస్టు కొనేటట్టయితే ఈఎన్ ఐఎస్ఓ 20471 క్లాస్ 2 చూడండి. దానికి కనీసం 0.50 చదరపు మీటర్ల ఫ్లోరోసెంట్ గుడ్డ, 0.13 చదరపు మీటర్ల పట్టీ ఉండాలి. పట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లు. అంటే మొత్తం 2.6 మీటర్ల పట్టీ. ఇప్పుడు రైడింగ్ జాకెట్ల మీద ఉండే రిఫ్లెక్టివ్ గీతలు కొలిచి చూడండి, చాలావాటికి వేలెడు వెడల్పు పైపింగ్ తప్ప ఏమీ ఉండదు. అది దగ్గరికొస్తే కనిపిస్తుంది. లారీ ఆగాల్సిన దూరంలో కనిపించదు.

లారీ అన్నాను కాబట్టి ఒక మాట. పట్టీ వెలుగుని హెడ్‌లైటు వైపే పంపుతుంది. కారులో డ్రైవర్ కన్ను హెడ్‌లైటుకి దగ్గర, కాబట్టి బాగా కనిపిస్తుంది. లారీలో హెడ్‌లైటు కింద బంపర్ దగ్గర, డ్రైవర్ కన్ను చాలా పైన. ఆ కోణం వల్ల అతనికి అదే పట్టీ మసకగా కనిపిస్తుంది. దీనికి విరుగుడు ఒక్కటే, పట్టీ విస్తీర్ణం పెంచడం.

ఎక్కడ వెయ్యాలి అన్నది కూడా అంతే ముఖ్యం. డిప్ లైటు కిందికే పడుతుంది. దూరంగా ఉన్న బండి లైటు మీ భుజాలకు అందేలోపు మీ మడమలకు, ఫుట్‌రెస్టుకి, వెనక మడ్‌గార్డ్‌కి అందుతుంది. అందుకే బూటు వెనక మడమ మీద రెండు వేళ్లంత పట్టీ, వెనక మడ్‌గార్డ్ మీద ఎర్ర రిఫ్లెక్టివ్ స్టిక్కర్ పెట్టండి. ఆ తర్వాత వీపు, హెల్మెట్ వెనక భాగం. వెనకవైపు ఎరుపు, ముందువైపు తెలుపు. ఇది మార్చొద్దు, వెనకొచ్చేవాడికి మీరు ఎటు పోతున్నారో దాన్నిబట్టే తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు మీ నల్ల లాప్‌టాప్ బ్యాగు. అది వేసుకున్న క్షణం వెస్టు వీపు భాగం మొత్తం పోయినట్టే. బ్యాగుకే ఫ్లోరోసెంట్ రెయిన్ కవర్ తొడగండి, దాని మీద అడ్డంగా రెండు వరసలు 5 సెంటీమీటర్ల టేపు కుట్టించండి.

వెల్క్రో ఒక్కటే ఉన్న వెస్టు 70 దాటితే తెరుచుకుని రెపరెపలాడుతుంది. జిప్పు, పక్కల ఎలాస్టిక్ ఉన్నది తీసుకోండి. గుడ్డ కూడా వలలాంటిదే ఉండాలి, లేకపోతే మెష్ జాకెట్‌లోకి గాలి రాదు.

కోనసీమ_రోడ్లు:

@రాత్రి_దారి గారూ, మొత్తం ఒప్పుకుంటా, రంగు ఒక్కటి తప్ప. పసుపుపచ్చ అన్నిచోట్లా మొనగాడు కాదు. రెండువైపులా వరిచేలు, కొబ్బరితోటలు ఉన్న రోడ్డు మీద ఆ రంగు వెనక పచ్చదనంలో కలిసిపోతుంది. మా వైపు ఫ్లోరోసెంట్ నారింజే మేలు. హైదరాబాద్ సిటీలో బూడిద రంగు తారు, సిమెంటు గోడలు కాబట్టి పసుపుపచ్చ సరైనదే. ఒక రంగు గొప్పదా కాదా అన్నది వెనక ఏముందో దాన్నిబట్టి ఉంటుంది.

హెల్మెట్ రంగు గురించి ఎవరూ చెప్పలేదు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ ప్రాంతంలో చేసి 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేసిన ఒక అధ్యయనంలో, ఫ్లోరోసెంట్ లేదా రిఫ్లెక్టివ్ దుస్తులు వేసుకున్నవాళ్లకి గాయాల ప్రమాదం 37 శాతం తక్కువ, నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ వాళ్లకి 24 శాతం తక్కువ అని తేలింది. పగలు హెడ్‌లైటు వేసుకున్నవాళ్లకి 27 శాతం తక్కువ. 2017 ఏప్రిల్ తర్వాత తయారైన మన బళ్లలో హెడ్‌లైటు ఎలాగూ ఆరదు. కాబట్టి మీ చేతిలో ఉన్నది హెల్మెట్ రంగు. మ్యాట్ బ్లాక్ అందంగా ఉంటుంది నిజమే, కానీ తెల్లది కొనడానికి ఒక్క రూపాయి ఎక్కువ కాదు.

రాత్రి_దారి:

రంగు విషయంలో మీ మాటే కరెక్టు. ఒక్కటి కలుపుతా: ఊళ్లలోంచి వచ్చే అడ్డ రోడ్ల దగ్గర ఈ పట్టీలు దాదాపు పనిచెయ్యవు. పక్కనుంచి వచ్చే ట్రాక్టర్ లైటు మీమీద పడదు, పడేసరికి ఆలస్యమైపోతుంది. వాడికి కనిపించేది మీ హెడ్‌లైటు ఒక్కటే, అది కూడా దూరం అంచనాకి అందని ఒంటి చుక్క. వెస్టు వేసుకున్నాం కదా అని మీడియన్ గ్యాపుల దగ్గర వేగం అలాగే ఉంచొద్దు.

లేబుల్_చదవండి:

సీఈ గురించి. అది యూరప్ భద్రతా నిబంధనలకు సరిపోతుందని చెప్పే ముద్ర. ‘సీఈ’ అని ట్యాగ్ మీద రాసి ఉండటం ఏమీ చెప్పదు. ఏది సీఈ అన్నదే ప్రశ్న. చాలా జాకెట్లలో లోపల పెట్టిన ప్యాడ్లకి మాత్రమే సర్టిఫికెట్ ఉంటుంది, జాకెట్ గుడ్డకి ఉండదు. అమ్మేవాళ్లు రెండూ కలిపి ‘సీఈ సర్టిఫైడ్ జాకెట్’ అంటారు.

గుడ్డకి ఉండే ప్రమాణం ఈఎన్ 17092. జాకెట్ లోపలి కుట్టులో, ఉతికే సూచనల పక్కన చిన్న లేబుల్ మీద మోటార్‌సైకిలిస్టు బొమ్మ, పక్కన ఏఏఏ, ఏఏ, ఏ, బీ, సీ అక్షరాల్లో ఒకటి ఉంటుంది. గుడ్డ ముక్కని గిరగిరా తిప్పి కాంక్రీటు పలక మీద వదిలి, అది ఆగేలోపు చిల్లు పడుతుందా అని చూస్తారు. భుజం, మోచెయ్యి, మోకాలు లాంటి ముందు నేలకు తగిలే చోట్లకి ఏఏఏ అంటే గంటకు 120 కిలోమీటర్లకు సమానమైన వేగం, ఏఏ అంటే 70, ఏ అంటే 45. ఇది మనిషి ఆ వేగంలో పడినా ఏమీ కాదని హామీ కాదు, గుడ్డ ఎంతసేపు ఒరుసుకుపోకుండా ఉంటుందో చెప్పే కొలత మాత్రమే. బీ అంటే ఏ లాంటిదే కానీ ప్యాడ్లు లేకుండా. సీ అంటే ప్యాడ్లని పట్టి ఉంచే వల మాత్రమే, రాపిడికి పనికిరాదు. మీ బడ్జెట్‌లో మెష్ జాకెట్ ఎక్కువగా ఏ దగ్గర ఆగుతుంది. సిటీకి సరిపోతుంది. హైవే కూడా ఉంది కాబట్టి ఏఏ దొరికితే వెయ్యి ఎక్కువ పెట్టడం దండగ కాదు.

ప్యాడ్లది ఈఎన్ 1621. భుజం, మోచెయ్యి, మోకాలి ప్యాడ్ల మీద 50 జౌళ్ల దెబ్బ వేసి కిందికి ఎంత బలం దిగిందో కొలుస్తారు. లెవెల్ 1కి సగటున 35 కిలోన్యూటన్ల దాకా ఒప్పుకుంటారు, లెవెల్ 2కి 20 దాటకూడదు. వెన్ను ప్యాడ్‌కి లెవెల్ 1 అయితే 18, లెవెల్ 2 అయితే 9. వెన్ను విషయంలో తేడా సగానికి సగం, కాబట్టి అక్కడ లెవెల్ 2కి డబ్బు పెట్టండి. ప్యాడ్ మీద అచ్చులో ఎస్ అంటే భుజం, ఈ అంటే మోచెయ్యి, కే అంటే మోకాలు అని ఉంటుంది. ‘టీ ప్లస్’ అని ఉంటే 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించారని అర్థం. ఈ మెత్తటి ప్యాడ్లు వేడికి ఇంకా మెత్తబడతాయి కాబట్టి రామగుండం, రెంటచింతల ఎండల్లో తిరిగేవాళ్లకి ఆ చిన్న ముద్ర చాలా విలువైనది.

షాపులో జాకెట్ తీసుకోగానే వీపు జేబు జిప్పు తీసి లోపల చెయ్యి పెట్టండి. చవక జాకెట్లలో అక్కడ ఉండేది చెప్పులకి వేసే పలచటి స్పాంజి. బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే వేళ్లు ఒకదానికొకటి తగిలినట్టే ఉంటుంది, దాని మీద ఏ ముద్రా ఉండదు. అది తీసేసి అసలైన వెన్ను ప్యాడ్ విడిగా కొని పెట్టుకోవాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి, జేబు సైజు కొలిచి మరీ కొనండి.

ఇంక అసలు విషయం. లెవెల్ 2 ప్యాడ్ మోచేతి పక్కకి జారిపోతే లెవెల్ 1 అంత కూడా కాదు, సున్నా. జాకెట్ వేసుకుని బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకోండి. మోచేతి మొన సరిగ్గా ప్యాడ్ గిన్నె మధ్యలో ఉండాలి. ఇంకొకరు ఆ ప్యాడ్‌ని పట్టుకుని చుట్టూ తిప్పి చూడాలి. అరచేతి వెడల్పు తిరిగిందంటే ముంజేతి పట్టీలు బిగించండి, అవి లేకపోతే ఒక సైజు తగ్గించండి. మెష్ జాకెట్ ఒంటికి అంటుకుని ఉండాలి, లోపల ఒక్క టీషర్టు పట్టేంత. చలికాలం స్వెట్టర్ కోసం అని వదులుగా కొంటే పది నెలలు ప్యాడ్లు తప్పు చోట ఉంటాయి.

ఉప్పల్_టు_గచ్చిబౌలి:

చాలా చాలా థ్యాంక్స్ అండి. ఆ వంద రూపాయల వెస్టు ఫోన్ టార్చి పరీక్షలో ఫెయిల్. కొత్తది చూస్తున్నా. ఇంకో మూడు సందేహాలు: జీన్స్ మీద మోకాలి గార్డులు చాలా, ప్యాంట్ కూడా కొనాలా? బూట్లు కొనేదాకా ఏం వేసుకోవాలి? వెనక కూర్చునే మా ఆవిడకి ఏమేం కావాలి?

గేర్_మేస్త్రి:

మోకాలి గార్డులు చాలు అని అనను, ఇప్పటికి అవి లేకపోవడం కన్నా నయం. మామూలు జీన్స్, అందులోనూ లైక్రా కలిసిన సాగే జీన్స్, తారు మీద క్షణంలో చిరుగుతుంది. తుంటి, తొడ పక్కభాగం ఖాళీగానే ఉంటాయి. తర్వాత కొనేటప్పుడు అరామిడ్ (రాపిడికి తట్టుకునే గట్టి నూలు) లైనింగ్ ఉన్న రైడింగ్ జీన్స్ చూడండి, లైనింగ్ మోకాళ్ల దగ్గరే ఉందా, పిరుదుల దాకా ఉందా అని తిరగేసి చూడాలి. ఇంకోమాట, జిమ్ ట్రాక్ ప్యాంట్లు అసలు వద్దు. పాలిస్టర్ రాపిడి వేడికి కరిగి పుండుకి అంటుకుపోతుంది, దాన్ని ఒలిచి తియ్యడం డాక్టర్‌కీ కష్టమే, పడినవాడికీ నరకమే.

గార్డుల్లో మోకాలి దగ్గర మడత పడే కీలు ఉన్నవి తీసుకోండి. కింది పట్టీ పిక్క కండ ఉబ్బుకి పైన, సన్నగా ఉండేచోట బిగించాలి. పిక్క మీద బిగిస్తే నడవగానే జారుతుంది. కట్టుకుని పదిసార్లు గుంజీళ్లు తీయండి, బండి మీద కూర్చోండి, చిప్ప ఇంకా గిన్నెలోనే ఉంటే సరే.

బూట్లకి తాత్కాలికంగా చీలమండ కప్పే తోలు సేఫ్టీ షూ, ఐఎస్ 15298 ముద్రతో. హార్డ్‌వేర్, ఇండస్ట్రియల్ షాపుల్లో దొరుకుతుంది. కొనేముందు మీ బండి గేర్ లివర్ కింద బొటనవేలి భాగం దూరుతుందో లేదో చూసుకోండి. స్టీల్ టోపీ ఉన్నవాటి ముక్కు ఎత్తుగా ఉండి గేరు ఎత్తడం ఇబ్బంది అవుతుంది. షూని రెండు చేతులతో పట్టుకుని బట్టలు పిండినట్టు మెలిపెట్టండి. సులువుగా మెలితిరిగితే బండి కింద కాలు ఇరుక్కున్నప్పుడు పాదం కూడా అలాగే తిరుగుతుంది. లేసుల కొసలు షూ లోపలికి దోపండి. ఎడమ లేసు గేర్ లివర్‌కి చుట్టుకుంటే, సిగ్నల్ దగ్గర కాలు కిందపెట్టబోయినప్పుడు కాలు రాదు, బండితో సహా పక్కకి పడతారు.

పిలియన్_అక్క:

తమ్ముడూ, వెనక కూర్చునేవాళ్ల గురించి అడిగినందుకు సంతోషం, చాలామంది అడగరు.

ముందు చున్నీ, కొంగు. పెద్ద ప్రమాదం అక్కడే ఉంది. చున్నీ కొస వెనక చక్రంలోకి, చైన్‌లోకి వెళ్తే మెడ దగ్గర బిగుసుకుంటుంది, లేదా మనిషినే వెనక్కి లాగి పడేస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం వెనక కూర్చునేవాళ్ల బట్టలు ఇరుక్కోకుండా వెనక చక్రంలో కనీసం సగం కప్పే గార్డు ఉండాలి. దాన్నే మనం శారీ గార్డ్ అంటాం. బండి అందంగా కనిపించదని దాన్ని విప్పేసేవాళ్లు చాలామంది. మీ బండికి ఉందో లేదో ఇవాళే చూడండి, లేకపోతే షోరూమ్‌లో స్పేర్ పార్టుగా దొరుకుతుంది. గార్డు ఉన్నా సరే, చున్నీ తీసి బ్యాగులో పెట్టుకోవాలి, కుదరకపోతే జాకెట్ లోపల పెట్టి జిప్పు వేసెయ్యాలి. ముడివేసి వెనక్కి వదిలితే ముడి విడిపోతుంది.

హైవే మీద ఒకవైపు కూర్చోవడం వద్దు. రెండువైపులా కాళ్లు వేసుకుని, ఫుట్‌రెస్ట్‌ల మీద పాదాలు ఆనించి కూర్చోవాలి. చీరతో అది కుదరదు కాబట్టి ఆ ప్రయాణానికి చుడీదార్ లేదా ప్యాంట్. చెప్పులతో వద్దు, సైలెన్సర్ కాలుతుంది, పడితే ముందు పోయేవి వేళ్లే.

ఇక గేర్ పంపకం. ఆమెకీ అదే స్థాయి ఫుల్ ఫేస్ హెల్మెట్, ఆమె తల కొలతతో. జడ పైకి ముడి వేస్తే హెల్మెట్ ఎత్తుకుని కూర్చుంటుంది, జడ కిందికి వేసి జాకెట్ లోపల పెట్టుకోవాలి. క్లిప్పులు, పిన్నులు తీసెయ్యాలి. జాకెట్‌లో ఆడవాళ్ల కటింగ్ ఉన్నదే కొనండి. మీ పాత జాకెట్ ఆమెకి ఇస్తే భుజం ప్యాడ్లు చేతుల మీదికి జారిపోతాయి.

ఒకటి ఎవరూ ఆలోచించరు: ఆమె వెనక కూర్చుంటే మీ వెస్టు వీపు ఎవరికీ కనిపించదు. వెనకొచ్చే లారీకి కనిపించేది ఆమె వీపు, ఆమె హెల్మెట్. ఒక్కటే మంచి వెస్టు ఉంటే అది ఆమెకి తొడగండి.

ఎండ_మాపు:

ఎండ గురించి. జాకెట్ వేసుకుంటే వడదెబ్బ తగులుతుంది అనేది సగమే నిజం. బండి కదులుతున్నప్పుడు మెష్ జాకెట్ బాగానే ఉంటుంది, ఇబ్బంది సిగ్నళ్ల దగ్గర. రెండు నిమిషాల సిగ్నల్ అయితే ముందు జిప్పు సగం దించండి, కదిలేముందు మళ్లీ ఎక్కించండి.

గాలి వేడి 40 దాటితే మెష్‌లోంచి వచ్చేది వడగాలే, అది ఒంట్లో తడిని పీల్చేస్తుంది కానీ చల్లబరచదు. అప్పుడు లోపలి కాటన్ టీషర్టుని పూర్తిగా తడిపి, పిండి, వేసుకుని దాని మీద జాకెట్ వెయ్యండి. హైదరాబాద్, నల్గొండ వైపు పొడి ఎండలో ఇది అద్భుతంగా పనిచేస్తుంది, అరగంట నుంచి ముప్పావుగంట చల్లగా ఉంటుంది, ఆరగానే మళ్లీ తడపాలి. విజయవాడ, విశాఖ ఉక్కపోతలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి నీరు ఆవిరవదు, అంత ఫలితం ఉండదు. అక్కడ ఆగి నీడలో కూర్చోవడం, ఓఆర్ఎస్ తాగడం తప్ప దారి లేదు. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా దూరప్రయాణం పెట్టుకోకపోతే మంచిది. తల తిరగడం, చెమట ఆగిపోవడం, ఎదుటి బండి దూరం తప్పుగా అనిపించడం మొదలైతే వెంటనే ఆపెయ్యాలి.

నల్ల జాకెట్ కన్నా లేత బూడిద, లేత రంగు జాకెట్ ఎండలో హాయి, రాత్రి కూడా కాస్త మేలు.

హెల్మెట్‌ని ఎండలో అద్దానికి తగిలించి వదలొద్దు. అద్దం కొస లోపలి థర్మోకోల్‌ని గుంటపెడుతుంది, ఆ గుంట ఉన్నచోట దెబ్బ తగిలితే అణగడానికి అక్కడ మందం మిగలదు. పెట్రోల్ ట్యాంక్ మీదా వద్దు, ఆవిర్లకి అదే థర్మోకోల్ పాడవుతుంది.

లేబుల్_చదవండి:

వానకాలం ముందే వచ్చేస్తుంది కాబట్టి ఇదీ రాసిపెడతా. జాకెట్ మీద రెయిన్‌కోట్ వేసుకున్నాక కనిపించేది రెయిన్‌కోటే. దుకాణాల్లో ఎక్కువ నలుపు, నేవీ బ్లూ. పసుపు లేదా నారింజ రంగు, ప్యాంటు విడిగా ఉన్న జత తీసుకోండి. పాంచో లాగా వేలాడేది బండి మీద వద్దు, గాలికి ఎగిరి చక్రంలో పడుతుంది. వానలో రెండో సంగతి: వెస్టుల మీద ఉండే మామూలు బూడిద రంగు పట్టీలో వెలుగుని వెనక్కి పంపేవి సన్నటి గాజుపూసలు, వాటి మీద నీటి పొర నిలిస్తే వెలుగు సరిగా వెనక్కి రాదు. తేనెపట్టు గళ్లలా కనిపించే ప్రిజం టేపు తడిలో కూడా చాలావరకు నిలబడుతుంది. రెయిన్‌కోట్‌కి, బ్యాగ్ కవర్‌కి అది వాడండి.

ఉప్పల్_టు_గచ్చిబౌలి:

బ్యాగ్ కవర్‌కి టేపు టైలర్‌తో కుట్టించొచ్చా? హెల్మెట్ మీద అతికిస్తే ఏమైనా అవుతుందా? ఎన్నాళ్లకి మార్చాలి?

రాత్రి_దారి:

కుట్టించొచ్చు. టేపు అంచునుంచి 2, 3 మిల్లీమీటర్ల లోపల ఒక్క వరస కుట్టు, పాలిస్టర్ దారంతో. కాటన్ దారం వానకి, ఎండకి ముందుగా పోతుంది. మధ్యలో అడ్డంగా కుట్లు వెయ్యనివ్వద్దు, సూది పడ్డచోటల్లా పూసలు రాలతాయి. కవర్ వాటర్‌ప్రూఫ్ కాబట్టి కుట్టు వెనక సీమ్ టేపు (సూది రంధ్రాలు మూసే టేపు) వెయ్యాలి, లేకపోతే లాప్‌టాప్ తడుస్తుంది. టైలర్లు అలవాటుగా కుట్టాక ఇస్త్రీ పెట్టేస్తారు, పట్టీ మీద నేరుగా పెట్టొద్దని ముందే చెప్పండి. జాకెట్ మీద అయితే ప్యాడ్ జేబుల మీదుగా కుట్టించకండి, జేబు మూసుకుపోతుంది.

హెల్మెట్‌కి రిఫ్లెక్టివ్ స్టిక్కర్ అంటే వెనక పక్కనే వచ్చే జిగురు చాలు. విడిగా గమ్ము, ఫెవిక్విక్, థిన్నర్ లాంటివి వాడొద్దు. తక్కువ ధర హెల్మెట్ల గుల్ల ప్లాస్టిక్, ఆ ద్రావకాలకి లోపల్లోపల పగుళ్లు పడతాయి, పైకి కనిపించవు. అతికించేముందు తడి గుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు.

మార్చడం గురించి: కొత్త వెస్టు కొన్నరోజే లోపలి మడత నుంచి రెండు వేళ్లంత గుడ్డ కత్తిరించి బీరువాలో చీకట్లో దాచండి. మూడు నెలలకోసారి దాన్ని వెస్టు భుజం పక్కన పెట్టి చూడండి. ఫ్లోరోసెంట్ రంగు ఎండకి వెలిసిపోతుంది, రోజూ చూసే కంటికి తెలియదు, పక్కన పెడితే తెలుస్తుంది. భుజాల మీద ముందు పోతుంది. ఉతికేటప్పుడు చల్లనీళ్లు, తక్కువ సబ్బు, బ్రష్ లేకుండా, బ్లీచ్ లేకుండా. తిరగేసి నీడలో ఆరెయ్యండి. పట్టీకి మాత్రం ఆ టార్చి పరీక్షే, ప్రతి వానకాలం ముందు ఒకసారి.